వనమాల మింగని మాట

ముందే ఒక మాట చెబుతున్నాను, శాలువా చూసి మనిషికి విలువ కట్టే అలవాటు మీకుంటే నందకిషోర్ సేటు మీకు దేవుడిలాగే కనిపిస్తాడు. నాందేడులో ఏ సంస్థ సభ పెట్టినా ముందు వరసలో ఆయన కుర్చీ ఉంటుంది. ఒక శాలువా, ఒక కొబ్బరికాయ, ఒక ఫొటో. జూనా మోండా బజారులో తాళ్లూ టార్పాలిన్లూ అమ్ముకునే మనిషికి ఇంత సమాజసేవ ఎప్పుడు అంటుకుందో ఎవరికీ గుర్తులేదు. దుకాణం కొడుకు సుమిత్ చేతికి వచ్చాక పగలంతా ఏం చెయ్యాలో తోచక ఈ సేవ పట్టుకున్నాడని ఆయన భార్య వనమాల అంటుంది.

ఆ శాలువాలను ఆమె ఏం చేస్తుందో తెలుసా? ఒకటి మిక్సీ మీద కప్పింది. ఒకటి కుట్టుమిషన్ మీద వేసింది. మిగతావి కలిపి కుట్టి, మేడ మీద మిరపకాయలు ఎండబోయడానికి పరిచింది. కొబ్బరికాయలు పచ్చడికి పోతాయి. ఆయన సేవ వల్ల ఇంటికి ఒరిగింది ఆ పచ్చడే అని పక్కింటావిడతో, ఆయనకు వినబడేలాగే చెబుతుంది.

ఈ కథ ఆ వనమాలది. ఆయన గురించి ముందే ఇంత ఎందుకు చెప్పానంటే, ఆయన్ని తప్పించి ఆమె కథ చెప్పడం కుదరదు. ఆమె పుట్టకముందు నుంచీ ఆయన ఆ ఇంటి మనిషే. వనమాల తల్లికి సొంత తమ్ముడు.

వనమాల పుట్టింది కుండల్‌వాడిలో, కిరాణా దుకాణం ఉన్న ఇంట్లో. చిన్నప్పుడు ఈ నందకిషోర్ మామే ఆమెను భుజాల మీద ఎక్కించుకుని అంగడికి తీసుకుపోయేవాడు. పిప్పరమెంట్లు కొనిపెట్టేవాడు. తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు బడి నుంచి వచ్చేసరికి తల్లి పట్టుచీర పట్టుకుని నిలబడి ఉంది. వనమాల పరుగెత్తి గోదాంలో జొన్న బస్తాల వెనక దాక్కుంది. వెతికి పట్టుకొచ్చారు. బయటివాళ్లకిస్తే కొడతారో తిడతారో, సొంత మామ అయితే కడుపులో పెట్టుకుంటాడని ఇల్లంతా ఒకే మాట. పిల్లను మాత్రం ఎవరూ అడగలేదు.

ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, ఆయన కొట్టలేదు, తిట్టలేదు. ఆ సంగతి ఆయన నలుగురిలో చెప్పుకుంటాడు కూడా, అదేదో తాను చేసిన దానంలాగా. పెళ్లయిన రోజు నుంచి వనమాల ఆయన్ని మామా అని పిలవడం మానేసింది. ఒళ్లు మండినప్పుడు మాత్రం ఆ పిలుపు బయటికొస్తుంది. అది వినబడితే సుమిత్ చెప్పులేసుకుని దుకాణానికి వెళ్లిపోతాడు.

వనమాల కూతురు పదో తరగతికి వచ్చినప్పుడు ఆమె తమ్ముడు పళ్లబుట్టా చీరా పట్టుకుని వచ్చాడు. మేనకోడలి మీద హక్కు తనదన్న ధీమాతో వచ్చాడు. వనమాల వాడిని గడప కూడా దాటనివ్వలేదు, పళ్లబుట్టతో సహా వెనక్కి పంపింది. ఆ తమ్ముడు ఈనాటికీ ఈ ఇంటి వైపు చూడడు. కూతురు లాతూరులో నర్సు. ఆ పిల్లకు సంబంధం తప్పిపోయిందని నందకిషోర్ ఇప్పటికీ బాధపడుతుంటాడు.

ఇక ఆయన సేవ సంగతి. నాందేడులో ఒక సంస్థ ఉంది, దిక్కులేని ఆడపిల్లలకు వసతి నడుపుతుంది. పిల్లలు దొరికితే వాళ్ల గోడు విని, ఎక్కడికి పంపాలో తేల్చడానికి ఒక కమిటీ కూర్చుంటుంది. అంతా మరాఠీలో నడిచే వ్యవహారం. తెలంగాణ సరిహద్దు పల్లెల నుంచి తెలుగు పిల్ల వస్తే నందకిషోర్‌ను పిలుస్తారు. పిల్ల మాట మరాఠీలో చెప్పేదీ ఆయనే, పిల్ల ఇల్లు ఎలాంటిదో చూసి వచ్చేదీ ఆయనే. చూసి రావడమంటే ఎలాగనుకున్నారు? జీపెక్కి కుండల్‌వాడి దాకా పోతాడు. ఎరువుల దుకాణంలో ఫ్యాను కింద కూర్చుంటాడు, అక్కడివాళ్లంతా ఆయన గిరాకీలే. పిల్ల తాలూకు మనిషిని అక్కడికే పిలిపిస్తాడు. భజ్జీలు తింటాడు, చాయ్ తాగుతాడు, మంచి కుటుంబం అని రాయించి ఇంటికొస్తాడు. ఏ ఇంటి గడపా తొక్కడు.

సోనాలి విషయంలోనూ అదే జరిగింది. పద్నాలుగేళ్ల పిల్ల. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి నిజామాబాద్‌లో మేస్త్రీ పని చేసేవాడు, పిల్ల అక్కడే తెలుగు బడిలో చదివింది, మరాఠీ ముక్కలు ముక్కలుగా వస్తుంది. తండ్రి కూడా పోయాక తల్లి తమ్ముడు మారోతి తన పల్లెకు తెచ్చుకున్నాడు. కొన్నాళ్లకు పిల్ల చెప్పకుండా బస్సెక్కి నాందేడు వచ్చేసింది. స్టాండులో ఒంటరిగా కూర్చుంటే పోలీసులు చూసి ఆ వసతిలో చేర్చారు.

కమిటీ ముందు నిలబెట్టారు. బల్ల వెనక నలుగురు పెద్దలు కూర్చుని, మధ్యలో చాయ్ తెప్పించుకుంటూ, భయపడకుండా చెప్పమని అడిగితే ఏ పిల్ల చెబుతుందండీ? అయినా సోనాలి చెప్పింది. మామ ఇంటికి పోనని, అక్కడికి తప్ప ఎక్కడికైనా పంపమని, ఏడుస్తూ తెలుగులో చెప్పింది. నందకిషోర్ దాన్ని మరాఠీలో ఏమని చెప్పాడంటే, పట్నంలో పెరిగిన పిల్ల, పల్లెలో పనికి వెనకాడుతోంది, నాలుగు రోజుల్లో సర్దుకుంటుందని.

ఆ పెద్దలవి మరాఠీ ఇళ్లు. వాళ్లకు మామ అంటే తల్లి తర్వాత తల్లి. మేనకోడలిని పెళ్లి చేసుకుంటాడన్న ఊహే రాదు. సరిహద్దు తెలుగు ఇళ్లల్లో అది ఎప్పటి నుంచో ఉన్నదే. ఆ గదిలో రెండు రకాల ఇళ్లూ తెలిసినవాడు నందకిషోర్ ఒక్కడే. వాడు నోరు విప్పలేదు. సొంత మామ ఉన్నాడు, పొలం ఉంది, ఇంకేం కావాలని పిల్లను మారోతి చేతిలో పెట్టి పంపారు.

ఆ సాయంత్రం పళ్లెం ముందు కూర్చుని నందకిషోర్ ఈ సంగతంతా గొప్పగా చెప్పుకొచ్చాడు. ఒక అనాథ పిల్లకు ఇల్లు చూపించానన్నాడు. వనమాల రొట్టె కాలుస్తూ వింటోంది.

“ఆ మామకు లగ్గమైందా?” అని అడిగింది.

“ఇంక గాలే. మంచి పోరడు. ట్రాక్టర్ గూడ ఉంది.”

“ఇంట్ల ఆడోళ్లెవరున్నరు?”

“ఎవరుంటే ఏంది? పొల్ల అచ్చింది గద, అదే సూస్కుంటది ఇల్లు.”

“పొల్ల ఏమన్నది?”

ఆయన నవ్వాడు. “ఏమంటది, ఏడ్సింది. నువ్వు గూడ గట్లనే ఏడ్సినవ్ గద, జొన్న బస్తాల ఎనక దాక్కొని. తర్వాత సర్దుకోలే?”

పెనం మీద రొట్టె మాడుతోంది. వనమాల తియ్యలేదు.

“నేను సర్దుకున్నట్టు నీకెవరు జెప్పిండ్రు, మామా?”

ఆయన ఇంకో రొట్టె అడగలేదు. చెయ్యి కడుక్కుని టీవీ ముందు కూర్చున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయనకు తోచిన జవాబు అదీ.

మర్నాడు వనమాల సంచి పట్టుకుని కూరగాయలకని బయలుదేరింది. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి వంకాయలు కూడా కొంది. తర్వాత ఆటో ఎక్కి నేరుగా ఆ సంస్థ ఆఫీసుకు పోయింది. మొగుడి శాలువాల సభలకు కూడా ఏనాడూ పోని మనిషి. అక్కడ ప్రాజక్త అనే చిన్న వయసు మేడం ఉంటుంది, పిల్లల కాగితాలు చూసేది ఆవిడే. వనమాల కూర్చోకుండానే మరాఠీలో చెప్పేసింది. మా ఇళ్లల్లో మామకు పిల్లనిస్తారు, నన్నూ అలాగే ఇచ్చారు, మీరు నిన్న పంపిన పిల్లను కూడా అలాగే చేసుకుంటాడు అని.

ప్రాజక్తకు మొదట ఎక్కలేదు. ఎక్కాక సోనాలి కాగితాలు ముందుకు లాక్కుంది. నందకిషోర్ గారు మాకు ఒక్క మాటైనా చెప్పలేదే అంది. ఎలా చెబుతాడు, చెప్తే తన పెళ్లి కథ కూడా చెప్పుకోవాలి కదా అంది వనమాల. మీరైనా ఆ ఇంట్లోకి పోయి చూశారా అని అడిగింది. చూడలేదని, కాగితం నమ్మి సంతకం పెట్టానని ప్రాజక్త దాచకుండా ఒప్పుకుంది. ఆ ఒక్కటీ మెచ్చుకోవాలి. సాకులు చెప్పకుండా ఫోను తీసింది. పెద్దలను అడిగింది, వాళ్లు రేపు చూద్దామంటే మళ్లీ అడిగింది. ఒక ఆడ కానిస్టేబుల్‌ను వెంటబెట్టుకుని జీపు మాట్లాడింది. తెలుగు మాట్లాడేవాళ్లు కావాలి కదా, వనమాలనే రమ్మంది. వంకాయల సంచితోనే ఎక్కింది.

మారోతి ఇంటికి కొత్తగా సున్నం కొట్టించి ఉంది. ఆడమనిషి జాడ లేదు. వెనక కొట్టం దగ్గర సోనాలి గిన్నెలు తోముతోంది. రెండు చేతులకూ మోచేతుల దాకా కొత్త గాజులు. తోమేటప్పుడు అడ్డం వస్తుంటే పైకి తోసుకుంటోంది. జీపు దిగినవాళ్లను చూసి లేచి, గోడకు ఆనుకుని నిలబడింది.

ప్రాజక్త మరాఠీలో అడిగిందానికి మారోతి మరాఠీలోనే చక్కగా జవాబు చెప్పాడు. పిల్లను బడికి పంపుతాను, గాజులు ముచ్చటపడి కొనిచ్చాను అన్నాడు. అంతా చెప్పి, వనమాల వైపు తిరిగి గొంతు తగ్గించాడు. తెలుగులో మాట్లాడితే మిగతావాళ్లకు తెలియదని ధైర్యం. పైగా ఆమె సేటు భార్య అని ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు, తనవైపు మనిషే అనుకున్నాడు.

“అక్కా, నీకు తెల్వనిదా? మా అక్క బిడ్డ, నాకు గాక ఎవరికిస్తరు? సేటే జెప్పిండు, పొల్ల చేతికచ్చేదాంక సప్పుడు జెయ్యకు, అచ్చినంక గుళ్లె లగ్గం జేస్కో అని. వచ్చే శుక్రారం పెట్టుకున్నం. జర నువ్వే సముదాయించు ఈళ్లను.”

ఏమంటున్నాడని ప్రాజక్త అడిగింది.

వనమాల నోట్లో ఆ మాట ఉంది. చెప్తే మొగుడి పేరు పోలీసుల దాకా పోతుంది. మోండాలో సుమిత్ దుకాణం ముందు జనం చెవులు కొరుక్కుంటారు. ఆ మొగుడు రేపటి నుంచి ఇంట్లో ఎదురుగా కూర్చుంటాడు. ఆ ఒక్క ముక్క మింగేస్తే సరిపోయేది, పెళ్లి సంగతి చెప్పి సేటు సంగతి వదిలేస్తే పిల్ల ఎలాగూ బయటపడేది. గోడ దగ్గర సోనాలి వీళ్ల పెదాల వంకే చూస్తోంది. కమిటీలో కూడా ఇలాగే చూసి ఉంటుంది, తన మాట ఏమైపోతోందో తెలియక.

వనమాల మొత్తం చెప్పింది. సేటే జెప్పిండు అన్నదాన్ని కూడా ఉన్నదున్నట్టు మరాఠీలో పెట్టింది. ఆ సేటు నా భర్తే, రాసుకోండి అంది.

మారోతి అరిచాడు, పదిమందిని పోగుచేశాడు. మా ఇంటి పిల్లను ఎత్తుకుపోతున్నారన్నాడు. కానిస్టేబుల్ బాల్యవివాహం పేరెత్తి కేసంటే ఏమిటో చెప్పాక, వచ్చిన పదిమందిలో సగం మంది పొలం పని గుర్తొచ్చి వెళ్లిపోయారు. సోనాలి వచ్చి వనమాల పక్కన జీపులో కూర్చుంది.

నందకిషోర్‌కు ఏం జరిగిందని అడుగుతారా? పెద్దగా ఏమీ కాలేదు. పోలీసులు పిలిచి అడిగారు, తాను మాటవరసకు అన్నానని చెప్పి వచ్చాడు. ఆ సంస్థ పిలవడం మానేసింది. ఇంకో సంస్థ పిలిచి శాలువా కప్పింది. నా ఇజ్జత్ తీసినవని ఆయన వనమాలతో మాట్లాడడం మానేశాడు. ఇల్లు ప్రశాంతంగా ఉందని ఆమె అంటుంది.

సంస్థలో మాత్రం పని పద్ధతి కొంత మారింది. పిల్లను తెచ్చినవాళ్లను, పిల్లను అడుగుతున్నవాళ్లను గదిలోంచి బయటికి పంపుతున్నారు. ప్రాజక్త కింద చాప మీద కూర్చుని పిల్లతో మాట్లాడుతుంది, తెలుగు పిల్ల అయితే వనమాలను పిలుస్తుంది. ఇల్లు చూడ్డానికి ఇద్దరూ వంటింటి దాకా పోతారు. బల్ల వెనక పెద్దలకు ఇదంతా ఆలస్యమనిపిస్తుంది. వాళ్లు చాయ్ తెప్పించుకుంటారు, ఇంకేం చేస్తారు.

ఆ రోజు తిరుగుదారిలో జీపు కుండల్‌వాడి దాటాక సోనాలి ఒక్కటే అడిగింది. “పెద్దమ్మా, మరి మీరా?”

మీరా ఎవరంటే, సోనాలి చెల్లెలు. పదకొండేళ్లు. తండ్రి పోయినప్పుడు వాళ్ల మేనత్త కాశీబాయి తన పిల్లల్ని ఆడించడానికని దెగ్లూర్ తీసుకుపోయింది. ఎవరి కాగితంలోనూ ఆ పిల్ల పేరు లేదు. ఇంకెవరైనా ఉన్నారా అని ఎవరూ అడగలేదు, ఎరువుల దుకాణంలో ఫ్యాను కింద కూర్చున్నవాడికి ఆ ప్రశ్న తట్టలేదు. ఇప్పుడు పెద్దది చేజారింది కాబట్టి మారోతి చిన్నదాని వైపు చూస్తాడని సోనాలి భయం. వనమాలకూ అదే భయం. తీసుకొస్తనని పిల్లకు మాటిచ్చింది.

కమిటీని అడిగితే అది వేరే పిల్ల, వేరే విచారణ, వచ్చే బైఠక్‌లో చూద్దామన్నారు. ప్రాజక్త కాగితం కదిలిస్తూ ఉంది. వనమాల ఆగలేక ఒక్కతే దెగ్లూర్ పోయింది. పిల్ల ఇక్కడ లేదని, పత్తి ఏరడానికి చుట్టాల ఊరు పోయిందని కాశీబాయి గుమ్మంలోంచే చెప్పింది. దండెం మీద చిన్న గౌను ఆరేసి ఉంది, ఇంకా తడిగానే. వనమాల దాన్ని చూస్తుండగానే తలుపు మూసుకుంది.

మొన్న గురువారం మళ్లీ బయలుదేరింది. ఈసారి ప్రాజక్త కూడా వెంట ఉంది, కాగితం కూడా ఉంది. వాన పడి అవతల దారి తెగిందని డ్రైవరు బస్సును నర్సీ దగ్గరే తిప్పేశాడు. వసతికి తిరిగొచ్చేసరికి సోనాలి గేటు దగ్గర నిలబడి, వచ్చిన ఇద్దరి వెనక మూడో మనిషి కోసం చూస్తోంది. దారి బాగుపడిందో లేదో కనుక్కోవడానికి వనమాల రోజూ పొద్దున స్టాండుకు పోయి వస్తోంది.