తెల్లబడిన ఒక్క పన్ను

నరం తీయించుకున్న నా ముందరి పన్ను కాస్త నల్లబడిందని దాన్ని తెల్లగా చేయించుకోవడం నా బుద్ధితక్కువ. కర్నూలులో దంతాల డాక్టరు దాన్ని వెనకనుంచి తొలిచి, మందు పెట్టి, దీపం వేడి చూపించి, సున్నం కొట్టిన గోడలా చేసి పంపించాడు. మా ఊరి బావినీళ్ళు తాగి పెరిగినవాళ్ళ పండ్లన్నీ గోధుమరంగు చారలతో ఉంటాయి. నావీ అంతే. నిన్న చర్చిలో నేను పాట ఎత్తుకోగానే జనం పాట మాని నా నోటి వంకే చూశారు.

ఈ రోజు బొగ్గుతో నడిచే బస్సెక్కి కర్నూలు పోయి ఆ డాక్టరును నిలదీశాను. ఆయన నా చేతికి అద్దం ఇచ్చాడు.

"నా పని బాగనే ఉండాది కదప్పా. నీ తక్కిన పండ్లే బాగలేవు."

"మా ఊర్లో అందరివీ ఇట్లే ఉంటాయయ్యా. నీళ్ళు అట్లాటివి."

"అయితే ఊరినంతా పిల్చుకోని రా, తెల్లగ చేస్తా."

పైగా ఆ పన్ను లోపల డొల్ల కాబట్టి గట్టివి కొరికితే విరగవచ్చనీ, కొన్నాళ్ళకు మళ్ళీ నల్లబడవచ్చనీ ఇప్పుడు తాపీగా చెప్పాడు. ముందే ఎందుకు చెప్పలేదంటే, చెబితే నువ్వు చేయించుకుంటావా అని నన్నే అడిగాడు.

ఇంటికొచ్చి ఇదంతా చెబితే నా భార్య రొట్టె తట్టడం ఆపి నా నోట్లోకి చూసింది. "బతికుండేవన్నీ దిగులుగా ఉండాయి. సచ్చిన పన్నొకటే నవ్వుతాండాది" అంది.

మీలో ఎవరి పన్నైనా నల్లబడితే ఆ డాక్టరు దగ్గరికి పోకముందు మా ఇంటికి రండి. ఊరికే నోరు తెరిచి చూపిస్తాను.