కోడి దాటిన సైకిలు

వెండెల్ సైకిలెక్కాడంటే ఊళ్ళో కోళ్ళకి హుషారు వచ్చేది. పరుగుపందెంలో అవి ఓడించగలిగిన బండి అదొక్కటే మరి.

ఇదేదో గిట్టనివాళ్ళు పుట్టించిన మాట కాదు. స్లొవేనియా తూర్పు మూల, మురా నది దాటాక వచ్చే ఆ పల్లెలో చిన్నా పెద్దా కళ్ళారా చూసిన సంగతే. ఒకసారి చర్చి వీధిలో శవయాత్ర వెనకనుంచి వచ్చి అతణ్ణి దాటేసింది. పెట్టె మోస్తున్నవాళ్ళలో ఒకడు, "జరుగు మామా, ఈయనకి వేళ మించిపోతోంది" అన్నాడు. వెండెల్ టోపీ తీసి తల వంచి, "మించిపోబట్టే కదురా మోస్తున్నారు!" అన్నాడు.

అంత నెమ్మదిగా తొక్కితే ఏ సైకిలైనా పడిపోవాలి. వెండెల్ సైకిలు పడేది కాదు. ముందు చక్రం అటొకసారి ఇటొకసారి తల ఊపుకుంటూ, ఉన్నచోటే ఉన్నట్టుండి ఎలాగో ముందుకి జరిగేది. వేసవిలో చెర్రీపండ్లు తింటూ, గింజలు దారి పొడవునా ఉమ్ముకుంటూ వెళ్ళేవాడు. ఆ గింజ మొలిచి, చెట్టై, పండ్లు కాసేసరికి సరిగ్గా తిరుగుప్రయాణంలో కోసుకోవచ్చని అతని ఎత్తుగడ అనేవాళ్ళు ఊళ్ళోవాళ్ళు.

అందరికీ నవ్వొచ్చేది గానీ, గిజెలాకి మాత్రం ఒళ్ళు మండేది. ఆవిడ ఉద్యోగం చేసినన్నాళ్ళూ సైకిలు మీద ఊరూరా ఉత్తరాలు పంచిన మనిషి. ఆవిడ తెచ్చిన ఉత్తరం మీద సిరా ఇంకా తడిగా ఉండేదని చెప్పుకునేవారు. అందుకోలేక కుక్కలు ఆవిణ్ణి తరమడం మానుకున్నాయి. అటువంటి మనిషి ముందు రోడ్డు మధ్యలో వెండెల్ సైకిలు ఊగుతూ ఉంటే ఎలా ఉంటుంది చెప్పండి!

"ఏమయ్యా, ఆ సైకిలుకేమైనా జబ్బా?" అని ఒకరోజు అడిగేసింది.

"దానికేం అక్కా, గుర్రంలా ఉంది."

"మరి నీకు?"

"నేనూ గుర్రంలాగే ఉన్నాను. దారిలో తేనెటీగలుంటాయి కదక్కా. పొద్దుతిరుగుడు చేలోంచి మోయలేని బరువు మోసుకుంటూ ఇంటికెళ్తుంటాయి. నేను జోరుగా వెళ్ళి నా నుదురు తగిలిందనుకో, పాపం ఒకటి చనిపోతుంది."

"ఈగేగా, చస్తే చచ్చింది!"

వెండెల్ సైకిలు ఆపేశాడు. ఆపినట్టు చూసేవాళ్ళకి తెలియలేదు, అది వేరే విషయం.

"నోరు కడుక్కో అక్కా! తేనెటీగ చస్తుందా? చనిపోతుంది!"

గిజెలా నాలుక కరుచుకుంది. ఆ దేశం మాటలో ఆవు చస్తుంది, గుర్రం చస్తుంది, మేయరుగారి కుక్క కూడా చస్తుంది. తేనెటీగ ఒక్కటే మనిషిలా చనిపోతుంది. ఆ మర్యాద తప్పితే ఈగలు అలిగి గూడు వదిలిపోతాయని పెద్దల మాట. అందరూ పాటించేదే, కానీ వెండెల్ మరీ నాలుగాకులు ఎక్కువ చదివాడు. తను పెంచే తేనెటీగల పెట్టెల్లో రాణి ఈగలకి ఊళ్ళో ఆడవాళ్ళ పేర్లు పెట్టేవాడు. రాణి చనిపోతే ఆ పెట్టెకి నల్లగుడ్డ కట్టేవాడు. ఊళ్ళో కబుర్లన్నీ రోజూ పెట్టెల ముందు కూర్చుని అప్పజెప్పేవాడు, ఒక్క అబద్ధం కలపకుండా. ఈగల దగ్గర అబద్ధమాడితే పాపమని అతని నియమం. దాంతో ఊళ్ళోవాళ్ళు గుట్టు విషయాలు అతని చెవిన పడకుండా జాగ్రత్తపడేవాళ్ళు.

ఊరి చివర తోటల దగ్గర ఉండేది అతని ఈగల కొట్టం. పెట్టెల ముందుపలకల మీద రంగురంగుల బొమ్మలు. ఒకదానిమీద దయ్యం ఒక ఆడమనిషి నాలుకని సానబట్టి నూరుతూ ఉంటుంది. పాతకాలపు బొమ్మే, అక్కడ ప్రతి కొట్టంలోనూ కనిపిస్తుంది. కానీ అది తననే అన్నాడని గిజెలా నమ్మకం. ఆ పెట్టెలో రాణి పేరు మటిల్డా, వెండెల్ అక్కగారి పేరు. దాని వీపు మీద గుర్తుకని పసుపు రంగు చుక్క పెట్టాడు. పక్కనే చిన్న ఇంట్లో ఉండే అసలు మటిల్డా, "పసుపు నాకు నప్పదురా" అని గిజెలా ఎదుటే పోట్లాడింది కూడా. మటిల్డా, గిజెలా బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళు.

"నా పేరు ఏ రాణికీ పెట్టలేదేం?" అని గిజెలా అడిగితే, "అంత కోపిష్ఠి రాణి ఇంకా పుట్టలేదక్కా" అనేవాడు వెండెల్.

కొట్టానికి ఎదురుగానే గిజెలా తోట. టమాటాలు, చిక్కుడుపందిళ్ళు, కంచె పొడవునా గసగసాల పూలు. ఉద్యోగం మానేశాక ఆవిడకి ప్రాణమంతా ఆ తోటే. పొద్దున్నే సైకిలు మీద రయ్యిమని వెళ్ళి, ఎండెక్కేదాకా మట్టిలో చేతులు పెట్టుకుని, మటిల్డా ఇచ్చిన కాఫీ తాగి, మళ్ళీ రయ్యిమని వచ్చేది. అంతకన్నా సుఖం ఇంకేముంటుంది?

అటువంటిది పోయిన శరదృతువులో మిల్లు మలుపు దగ్గర తడి ఆకుల మీద సైకిలు జారి పడింది. తుంటి ఎముక విరిగింది. ఎముకైతే అతుక్కుంది గానీ, ధైర్యం అతుక్కోలేదు. డాక్టరు "ఇంక తొక్కొచ్చమ్మా" అన్నాక కూడా సైకిలు పెరటి కొట్లోంచి బయటికి రాలేదు. అంత దూరం నడవాలంటే కాలు సహకరించదు. భయమని చెప్పుకోవడానికి నామోషీ. అడిగినవాళ్ళందరికీ, "టైర్లలో గాలి లేదు" అని చెప్పేది.

"నేను కొడతానక్కా గాలి" అన్నాడు వెండెల్.

"నాకు చేతుల్లేవా?"

ఎండాకాలం వచ్చింది. ఆవిడ చెల్లెలి కూతురు బ్రిగిటా ఆదివారాలు కారులో తీసుకెళ్ళేది. వారానికొకసారి చూసే తోట ఏం బాగుంటుంది? కలుపు పెరిగింది, చిక్కుళ్ళు ముదిరిపోయాయి. చివరికి బ్రిగిటా నిష్ఠూరంగానే చెప్పింది.

"పెద్దమ్మా, నాకూ పిల్లలున్నారు, ఉద్యోగముంది. నీ అంతట నువ్వు వెళ్ళగలిగితే తోట ఉంచుకో, నాకేం అభ్యంతరం? వెళ్ళలేనప్పుడు ఎందుకీ ఆరాటం? గుమ్మడి వేసుకుంటానని ఒకాయన అడుగుతున్నాడు. వచ్చే ఆదివారం తీసుకొస్తాను. ఆ రోజు ఔననో కాదనో చెప్పెయ్."

ఆ రాత్రి గిజెలాకి అన్నం సహించలేదు. తోట పోతే తను బతికున్నట్టా అని ఏడుపొచ్చింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే, పుండు మీద కారంలా, వెండెల్ రోజూ పొద్దున ఆవిడ ఇంటి కంచె ముందునుంచి వెళ్ళడం మొదలుపెట్టాడు. వెళ్ళడమంటే ఏముంది, ఆవిడ కాఫీ పెట్టుకునేటప్పుడు కంచె ఈ చివర కనిపిస్తే, తాగి కప్పు కడిగేసరికి ఆ చివరికి చేరేవాడు.

"గిజెలక్కా! టమాటాలు పండాయి. ఒకటి నేనే తిన్నాను. ఉప్పుంటే బాగుండేది."

"నా టమాటాలు ముట్టుకోమని నీకెవరు చెప్పారు?"

"నీ క్యాబేజీ మీద నత్తలు పెళ్ళి చేసుకుంటున్నాయి. చుట్టాలు కూడా దిగారు."

"తీసి పారెయ్యలేవూ?"

"పిలవని పెళ్ళికి నేనెలా వెళ్తానక్కా? తోట నీది. రా, నువ్వే తీద్దువుగాని. నీకోసం నేను మెల్లగా తొక్కుతాను."

"నువ్వు మెల్లగా తొక్కడమా! అంటే ఇప్పటిదాకా జోరుగా తొక్కుతున్నావా?"

ఆ మాట అంటుండగానే గిజెలా చుక్కలకోడి గేటు సందులోంచి బయటికొచ్చి, వెండెల్‌ని దాటి, వెనక్కి తిరిగి ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. గిజెలాకి అవమానంతో చెవులు ఎర్రబడ్డాయి. తనే సైకిలు మీద ఉంటేనా, ఈపాటికి వీణ్ణి దాటి, కోడిని కూడా దాటి తోటలో ఉండేది! కొట్టు తలుపు దాకా వెళ్ళింది. గొళ్ళెం మీద చెయ్యి వేసింది. మిల్లు మలుపు గుర్తొచ్చింది. చెయ్యి తీసేసింది.

శనివారం పొద్దున ఫోను మోగింది.

"గిజెలక్కా..." వెండెల్ గొంతు బొంగురుగా ఉంది. "మటిల్డా చనిపోయింది."

టక్కున ఫోను పెట్టేశాడు.

గిజెలా వెంటనే మటిల్డా ఇంటికి ఫోను చేస్తే ఎత్తే దిక్కు లేదు. ఆ తరవాత ఏం జరిగిందో ఆవిడకి సరిగ్గా గుర్తులేదు. కొట్టు తలుపు తెరిచింది. సైకిలు లాగింది. నెలల తరబడి గాలి లేదని తను చెప్పుకొచ్చిన టైర్లు రాయిలా గట్టిగా ఉన్న సంగతి కూడా ఆవిడకి తట్టలేదు. ఎక్కింది. తొక్కింది. వంటింటి గుడ్డ భుజం మీదే ఉంది. స్తంభం మీది కొంగ గూట్లోంచి మెడ చాచి చూసింది. మేయరుగారి కుక్క పాత జ్ఞాపకాలతో నాలుగడుగులు పరిగెత్తి ఊరుకుంది. మిల్లు మలుపు ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో!

సైకిలు గడ్డిలో పారేసి, మటిల్డా ఇంట్లోకి ఏడుస్తూ దూరింది.

మటిల్డా మోచేతుల దాకా పిండితో, బల్ల ముందు నిలబడి, గసగసాల గిబానిత్సా కేకుకి పొరలు పరుస్తోంది.

"ఏమైందే? ఎవరు పోయారు?"

"నువ్వే!"

"నేనా? ఎప్పుడు?" అంది మటిల్డా కంగారుగా. "ఇంకా పొయ్యి కూడా వెలిగించలేదే!"

గిజెలా ఆవిణ్ణి వాటేసుకుని ఏడ్చింది, పిండి పూసుకుంది, నవ్వింది, మళ్ళీ ఏడ్చింది. తరవాత ఆవిడకి తెలిసొచ్చింది. పెరటి గుమ్మంలోంచి ఈగల కొట్టం మీదికి దండెత్తింది.

"ఒరేయ్ వెండెల్!"

వెండెల్ పెట్టెల ముందు ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు.

"ఏ మటిల్డారా చనిపోయింది?"

"రాణి మటిల్డా అక్కా."

"ఈగ అయితే చచ్చింది అనొచ్చుగా! నా గుండె ఆగిపోయింది!"

"మళ్ళీ ఆ మాటే! మెల్లగా, వాటికి వినిపిస్తుంది. తేనెటీగని పట్టుకుని ఆ మాట ఎలా అంటానక్కా? పెద్దలు నేర్పిన మర్యాద కదా!"

గిజెలా ఇంకా చాలా అంది. దయ్యం సానబట్టిన నాలుక అంటే ఏమిటో ఆ రోజు పలక మీది దయ్యానికి కూడా అర్థమై ఉంటుంది. అంతా విని వెండెల్ తాపీగా అడిగాడు.

"అది సరే గానీ అక్కా, ఎలా వచ్చావు?"

గిజెలా నోరు తెరిచింది. వాకిట్లో గడ్డి మీద పడి ఉన్న సైకిలు కనిపించింది. నోరు మూసుకుంది.

మర్నాడు బ్రిగిటా గుమ్మడికాయలాయన్ని వెంటబెట్టుకుని వచ్చేసరికి ఇంటికి తాళం. కంగారుగా తోటకి వెళితే పెద్దమ్మ చిక్కుడుతీగలకి కర్రలు పాతుతోంది. కంచెకి సైకిలు ఆనించి ఉంది.

"ఎలా వచ్చావు పెద్దమ్మా?"

"గాలి కొట్టించాను" అంది గిజెలా. గుమ్మడికాయలాయనకి ఒక బుట్టెడు టమాటాలిచ్చి పంపించింది. బ్రిగిటా కళ్ళు తుడుచుకుని, తనూ ఒక బుట్ట అడిగింది.

తేనె తీసేరోజు వచ్చింది. సాయం పట్టడానికి గిజెలా కూడా వెళ్ళింది. కాఫీలు తాగుతుండగా మటిల్డా మాటల్లో అంది, "వీడి ఇల్లు కాలువగట్టు మీద కదా, అక్కణ్ణించి కొట్టానికి తిన్నగా దారి. నువ్వు సైకిలెక్కే ముందు వారమంతా మీ వీధి చుట్టూ తిరిగి ఎందుకొచ్చేవాడో నాకర్థం కాలేదే గిజెలా." గిజెలా కాఫీకప్పు కింద పెట్టింది. ఆ మాట నిజమే, అంతకుముందు వెండెల్ తన వీధిలోకి వచ్చిన రోజే లేదు.

అంతలో వెండెల్ దయ్యం పెట్టె తెరిచి ఒక తేనెపట్టు బయటికి తీశాడు. గిజెలా వంగి చూసింది. ఈగల మధ్యలో, దర్జాగా, వీపు మీద పసుపు చుక్కతో, రాణి మటిల్డా నడుస్తోంది.

"వెండెల్."

"ఎండ ఎక్కువగా ఉందక్కా ఇవాళ."

"చనిపోయిందన్నావు!"

వెండెల్ పట్టుని జాగ్రత్తగా లోపల పెట్టాడు. ఆ రోజు ఈ పెట్టెకి నల్లగుడ్డ లేదని గిజెలాకి అప్పుడు గుర్తొచ్చింది.

"ఈగల దగ్గర అబద్ధమాడితే పాపమని నువ్వేగా..."

"ఈగల దగ్గర ఆడలేదక్కా! ముందురోజే వీటికి చెప్పేశాను. 'రేపు మీ రాణి గురించి గిజెలక్కతో ఒక అబద్ధమాడబోతున్నాను, మనసులో పెట్టుకోకండి' అని. మనుషులతో ఆడకూడదని ఎవరూ అనలేదే!"

"ఆ వేళ ఫోను తీగ ఊడదీసి పెట్టమంది కూడా వీడే" అంది మటిల్డా, కాఫీకప్పులోకి చూస్తూ. "ఎందుకో చెప్పలేదు. చెప్పుంటే నల్లబట్టలు వేసుకుని కూర్చునేదాన్ని."

గిజెలా చేతిలో తేనె గరిటె ఉంది. దాంతో వెండెల్‌ని కొట్టాలని లేచింది గానీ, నవ్వు ఆపుకోలేక మళ్ళీ కూర్చుంది. ఇంత మంచి అబద్ధం తన జన్మలో తనకెవరూ చెప్పలేదనుకుంది.

సాయంత్రం ఇద్దరూ గిజెలా వీధి దారినే ఇంటికి బయల్దేరారు. గిజెలా ఎప్పట్లాగే రయ్యిమని ముందుకి పోయింది. మిల్లు మలుపు దగ్గర పొద్దుతిరుగుడు చేలోంచి ఈగలు గుంపుగా రోడ్డుకి అడ్డంగా ఇంటికెళ్తున్నాయి. గిజెలా బ్రేకు నొక్కింది. వాటికి దారి ఇస్తూ, ముందు చక్రం అటూ ఇటూ ఊపుకుంటూ, మెల్లగా, ఇంకా మెల్లగా తొక్కింది.

వెనక గంట మోగింది.

"జరుగు అక్కా," అన్నాడు వెండెల్ టోపీ ఎత్తి, ఆవిణ్ణి దాటిపోతూ. "నాకు వేళ మించిపోతోంది!"

అతను ఆ రోడ్డు మీద ఒక బండిని దాటడం అదే మొదటిసారి. ఆ సంగతి కూడా అక్షరం పొల్లు పోకుండా ఈగలకి చెప్పడానికి మర్నాటిదాకా ఆగలేక, సగం దారిలోంచి కొట్టానికి వెనక్కి తిరిగాడు.