విప్పేశ్వరరావు కారు

ఆయనకున్న జబ్బు ఒక్కటే. విప్పడం. బిగించి ఉన్నదేదైనా కంటపడితే చాలు, దాని లోపల ఏముందో తేలేదాకా ఆయనకు ముద్ద దిగదు. గోడగడియారం, నీళ్ల మోటారు, తలుపు గడియ, పక్కింటివాళ్ల కాలింగ్ బెల్లు... ఆ వీధిలో ఆయన విప్పనివంటూ ఉంటే అవి ఇంకా ఎవరూ కొనని వస్తువులే. స్నానానికి వెళ్లి బట్టలు విప్పమంటే మాత్రం మధ్యాహ్నం దాకా కదలడు. విప్పేశ్వరరావు అని పేరు పెట్టింది కట్టుకున్న ఇల్లాలే. అసలు పేరుతో ఆయన్ని ఇప్పుడు కరెంటు బిల్లు ఒక్కటే పిలుస్తోంది.

ఏది విప్పి బిగించినా నాలుగు మరలు మిగలాల్సిందే. “ఇవేంటండీ?” అని ఆవిడ అరచేతిలో పెట్టి చూపిస్తే, “కంపెనీవాడు ఎక్కువ పెట్టాడు. దండగ బరువు,” అనేవాడు.

షెడ్డులో ఒక పాతకాలపు కారు ఉంది. ఆవిడ మాటల్లో చెప్పాలంటే, వాళ్ల పెళ్లికంటే పాతది, పెళ్లికంటే సాఫీగా నడిచింది. దాని డాష్‌బోర్డుకు ఈ చివర నుంచి ఆ చివరకు ఒక లోహపు పట్టీ. ఒకప్పుడు తళతళలాడేది. తేమకు పొక్కులు లేచి, అలిగిన మొహంలా తయారైంది. ఆయన ఎక్కడెక్కడో గాలించి అచ్చం అలాంటిదే కొత్తది తెప్పించాడు. రంగు గీసుకుపోకుండా చుట్టూ టేపు అంటించి, ఆవిడ చెక్క గరిటె ఎత్తుకుపోయి, దాని అంచుతో పాత పట్టీని మెల్లగా లేపాడు.

ఆవిడ బెంగ గరిటె గురించి కాదు. అన్నయ్య గురించి. నాలుగిళ్ల అవతల ఉండే ఆ పళ్ల డాక్టరు, చేతులు వణకడం మొదలై, ఆసుపత్రి మూసేశాడు. అప్పట్నుంచీ గోడకేసి కూర్చోవడమే పని. పెడితే తింటాడు, పిలిస్తే పలకడు. ఇలాగే ఉంటే మనిషి మిగలడని ఆవిడకు లోపల్లోపల వణుకు.

ఒక సాయంత్రం ఆయన బావగారి గది తలుపు తోసి, “బావా, ఒక పేషెంటు నోరు తెరవడం లేదు,” అన్నాడు.

“నేను మానేశానని తెలీదా?”

“కారుకి తెలీదుగా.”

ఏం మాయ చేశాడో, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాడు. పట్టీ వెనక నట్లు డాష్‌బోర్డు లోపల, కంటికి అందని చోట ఉంటాయి. డాక్టరు కాసేపు చూసి, ఇంటికి మనిషిని పంపి, పళ్ల వెనక చూసే బుల్లి అద్దం తెప్పించాడు. అంతా బాగానే ఉంది గాని, పట్టీని పట్టి ఉంచే క్లిప్పులు నొక్కమనేసరికి చేతులు జేబుల్లో దోపుకున్నాడు.

“నా చేతులు చూశావుగా. వణుకుతాయి.”

“అదే కావాలి. కదుపుతూ నొక్కితే గానీ ఈ క్లిప్పు కూర్చోదు. నా చెయ్యి రాయిలా ఉండి చచ్చింది.”

గుమ్మంలో వింటున్న ఆవిడ గబుక్కున ఒక అడుగు ముందుకేసింది. ఇంత మాట ఎవరంటారు? అన్నయ్య మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వాడు. “నీ నోరు నేనెప్పుడో కుట్టేయాల్సింది,” అంటూ జేబుల్లోంచి చేతులు తీశాడు.

ఆ సాయంత్రం పట్టీ కూర్చుంది. మర్నాటికి ఎడమ పక్క లేచింది. ఎడమ పక్క సరిచేస్తే కుడి పక్క. రోజూ సాయంత్రం డాక్టరు రావడం, ఇద్దరూ షెడ్డులో తిట్టుకోవడం, పట్టీ కూర్చోవడం, తెల్లారేసరికి లేవడం.

“అది పట్టీయా, కళ్లజోడా, రోజూ తీసి పెట్టడానికి?” అని ఆవిడ సాధించింది.

ఒక పొద్దున టీ ఇవ్వబోయి చూస్తే, ఆయన కార్లో వెల్లకిలా పడుకుని నట్లు వదులు చేస్తున్నాడు.

“నిన్న గట్టిగా కూర్చుంది. నేను కళ్లారా చూశాను.”

“కూర్చుంది.”

“మరి విప్పుతున్నారేం?”

“బిగిసిపోతే మీ అన్నయ్య సాయంత్రం ఎందుకొస్తాడు?” అన్నాడు ఆయన, తల ఎత్తకుండానే.

నాలుక చివరిదాకా వచ్చిన తిట్టును ఆవిడ మింగేసింది. “టీ చల్లారుతుంది,” అని లోపలికి వెళ్లింది. అలాగని ఆయన్ని మహాత్ముణ్ణి చేయనక్కర్లేదు. అదే మధ్యాహ్నం ఫ్యాను రెగ్యులేటరు విప్పి ఇంటిల్లిపాదినీ ఉడకబెట్టాడు.

ఆ సాయంత్రం డాక్టరు చిన్న డబ్బాతో వచ్చాడు. “బావా, నీ చేతగానితనం చూసి విసుగెత్తింది,” అంటూ పళ్ల సిమెంటు కలిపి ప్రతి నట్టుకూ దట్టంగా పట్టించాడు. “నేను కట్టిన పన్ను ఊడిందని ఇంతవరకూ ఎవరూ తిరిగిరాలేదు.”

ఆయన గరిటె పెట్టి లాగి చూశాడు. స్పానరు వేసి చూశాడు. పట్టీ ఇసుమంత కదల్లేదు. ఆయన మొహం పాత పట్టీలా అయింది.

డాక్టరు చేతులు కడుక్కున్నాడు. “సరే మరి. పని అయిపోయింది. ఇక నాతో అవసరం లేదుగా,” అన్నాడు.

ఆవిడ గబగబా లోపలికి వెళ్లింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్నప్పట్నుంచీ మొగుణ్ణి ఆ దరిదాపులకు రానివ్వని కుట్టుమిషన్ను బరబరా ఈడ్చుకొచ్చి ఇద్దరి మధ్యా నిలబెట్టింది. దానికి ఏ రోగమూ లేదు. పొద్దున్నే దాని మీద దిండు గలేబులు కుట్టింది.

“అన్నయ్యా, ఇది కుడుతుంటే ఎక్కడో కిర్రుమంటోంది. కాస్త చూడు.”

డాక్టరు వంగి సూది కిందకు తొంగి చూశాడు. “నొప్పి ఎప్పట్నుంచి?”

ఆయన మిషను వైపు చూశాడు, పెళ్లాం వైపు చూశాడు. స్క్రూడ్రైవరు పట్టిన చెయ్యి పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి వెనకాడింది.

“నిజంగా విప్పమంటావా?”

“మొత్తం విప్పండి,” అంది ఆవిడ. “తొందరేం లేదు.”