దిబ్బ మీద అడిగిన పేరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో కుక్కకు పేరుండేది. బర్రెలకూ పేర్లుండేవి, పిలిస్తే తల తిప్పి చూసేవి. మా పొలానికి కాపలా ఉంటూ, ఎలుకల్ని పట్టి, అప్పుడప్పుడూ కాలవలో పీతలు తెచ్చి పెరటి గుమ్మం దగ్గర దించే మనిషికి మాత్రం మాకు తెలిసిన పేరేదీ లేదు. ఇంటిల్లిపాదీ ఆయన్ని జాతి పేరుతోనే, చివర 'ఓడు' తగిలించి మరీ పిలిచేవాళ్ళం. యానాదోడు వచ్చాడు, యానాదోడికి గంజి పొయ్యండి అనేవాళ్ళం. ఆదివారం యేసయ్య గుడిలో ముందు వరసలో కూర్చుని, దేవుడి ముందు అందరూ ఒక్కటేనని గొంతెత్తి పాడే కుటుంబం మాది. ఆ పాట పెరట్లోకి ఎందుకు రాలేదో మాలో ఎవరికీ తట్టలేదు.

మాది వాకాడు వైపు, సముద్రపు గాలి తగిలే ఊరు. ఒక ఏడాది తుపాను పట్టి కాలవ కట్ట తెగేలా ఉన్నప్పుడు మా తాతయ్య ఆయన్ని కేకేసి, పొలం దగ్గర పాకలో కట్టేసిన బర్రెల్ని విప్పేసి రమ్మన్నాడు. బర్రెలు ఈదుకుంటూ ఊళ్ళోకి వచ్చేశాయి. వాటి మెడల్లో తాళ్ళు తెగి ఉన్నాయి. తాళ్ళు కోసిన మనిషి రాలేదు.

నీళ్ళు కాస్త తీశాక తుమ్మచెట్ల మధ్య చిక్కుకుని కనిపించాడు. పిల్లల్ని చూడనివ్వలేదు కానీ నేను చూశాను. మొలతాడుకు మా ఇంటి కొడవలి ఇంకా వేలాడుతూనే ఉంది.

కాలవ గట్టు మీది యానాదుల గుడిసెలన్నీ కొట్టుకుపోయాయి. అక్కడి వాళ్ళను దూరంగా ఎక్కడో బడిలోకి తరలించారు. ఆయన భార్య మాత్రం పసిపిల్లలిద్దర్నీ వెంటేసుకుని, మొగుణ్ణి వెతుక్కుంటూ మా ఊళ్ళోనే ఉండిపోయింది. ఎటు చూసినా నీళ్ళే. మెరకగా మిగిలింది మా సంఘం వాళ్ళు సమాధులు కట్టుకున్న ఇసుక దిబ్బ ఒక్కటే. తాతయ్య సంఘ పెద్ద కాబట్టి అక్కడే పూడుద్దామన్నాడు. ఆమె సరేనన్నట్టు తల ఊపింది.

గుంట తీశారు. పాస్టరు అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టి, ఈ యానాదివాడి ఆత్మను నీ చేతికి అప్పగిస్తున్నాం ప్రభువా అనేసరికి మా నాయనమ్మ ఆపమంది. మగవాళ్ళ మధ్య ఆమె గొంతు వినడం నాకు అదే మొదలు.

"ఆయనకొక పేరుంటుంది గదా అయ్యగారూ. ఆ పేరుతో అప్పగించండి."

అయ్యగారు తాతయ్య వైపు చూశారు. తాతయ్య మా పాలేరు వైపు చూశాడు. పాలేరు నేల చూశాడు. మా బర్రెల పేర్లు అడిగి ఉంటే అక్కడున్న వాళ్ళందరూ చెప్పేవాళ్ళు. పిల్లల్ని అడిగితే నాయన అన్నారు. ఇక మిగిలింది భార్య. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మొగుడి పేరు ఆడది పలికితే ఆయనకు కీడని మా వైపు నమ్మకం, ఏ ఇంట్లోనైనా అంతే. ఆ కీడేదో జరిగిపోయి ఎదురుగా పడి ఉన్నా ఆమెకు నోరు రాలేదు. ఈలోగా వాన మళ్ళీ అందుకుంది. గుంటలో నీళ్ళు ఊరుతున్నాయి. పేరుదేముంది, కానిచ్చెయ్యండి అని వెనక నుంచి ఎవరో విసుక్కున్నారు.

నాయనమ్మ ఆ తడి ఇసుకలో ఆమె పక్కన చతికిలబడింది. ఇన్నేళ్ళ కాపురంలో తాతయ్య పేరు ఎత్తి ఎరగదు. గుడిలో ఎవరైనా అడిగినా మమ్మల్నే చెప్పమనేది. అలాంటిది ఊరి మగవాళ్ళందరి ముందు తాతయ్య పేరును ఇంటిపేరుతో సహా గట్టిగా పలికింది. తాతయ్య ఉలిక్కిపడ్డాడు.

"నేను చెప్పినా గదమ్మా," అంది ఆమెతో. "నువ్వూ చెప్పు. నువ్వు చెప్పకుంటే ఆయన పేరు ఈ ఊళ్ళో ఇంకెవురికీ తెలీదు. అది మా సిగ్గు, నీది కాదు."

ఆమె కొంగు తీసింది. మా ఎవరి వైపూ చూడలేదు, ఆయన పాదాల వైపు చూసింది.

"పెంచలయ్య," అంది.

అయ్యగారు ఆ పేరుతోనే భూస్థాపన చేశారు.

ఇంటికొచ్చాక నాయనమ్మ మమ్మల్ని కూర్చోబెట్టింది. యానాదులనేది వాళ్ళ జాతి పేరనీ, ఆ పేరులో తక్కువేమీ లేదనీ, వాళ్ళ గురించి చెప్పాల్సి వస్తే మర్యాదగా ఆ మాటే అనమనీ చెప్పింది. దానికి 'ఓడు', 'అది' అని తగిలించి మనిషి మొహాన కొట్టినట్టు పిలిస్తే మాత్రం ఆ పూట అన్నం పెట్టనంది. ముందు పేరు అడగండి, పెద్దవాళ్ళయితే అన్నా అనండి, అక్కా అనండి అంది. తాతయ్య కూడా వింటున్నాడు. మేం నేర్చుకున్నాం నిజమే కానీ, దాంతో పెంచలయ్యకు ఒరిగిందేమీ లేదు. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఆ దిబ్బ చుట్టూ రొయ్యల గుంటలు. పనికి ఒడిశా నుంచి కుర్రాళ్ళు వస్తున్నారు. మొన్న మా మనవడు ఆ ఒడియావోణ్ణి పిలవమని ఎవరికో ఫోన్‌లో చెబుతుంటే నాకు ఒళ్ళు మండింది. ఆ కుర్రాడి పేరు కనుక్కునేదాకా మనవడికి కంచం పెట్టనివ్వలేదు. ముసలితనపు చాదస్తమని నవ్వుకున్నాడు, నవ్వుకోనీ. వాన పట్టిన రోజుల్లో నేను ఆ దిబ్బ దాకా నడిచి వెళ్తాను. ఆయన్ని ఎక్కడ పెట్టారో చెప్పడానికి అక్కడ రాయి కూడా లేదు. అందాజుగా ఒకచోట నిలబడి, ఆయన బతికుండగా మా ఇంట్లో ఒక్కరి నోటి నుంచీ వినని పిలుపు పిలుస్తాను. పెంచలయ్యన్నా అంటాను.