నడుమ ఖాళీ గడి

మొన్న సోమవారం పొద్దున మా బిడ్డ మమ్మల్ని విడిచిపోయింది. ఇబ్రహీంపట్నంలో చాలామందికి తెలుసు. తెలియనివాళ్ల కోసం రాస్తున్నాను. ఐదో తరగతి దాకే చదివాను, తప్పులుంటే ఏమనుకోకండి.

ఇంజనీరింగ్ చదువుతుండగా నరాల జబ్బు వచ్చింది. ముందు చేతులు పడిపోయాయి, తర్వాత మాట పోయింది. చివరికి కళ్లే మిగిలాయి. మాట పూర్తిగా పోకముందే, కళ్లతో నడిచే కంప్యూటర్ ఎట్లా ఉండాలో బిడ్డే చెప్పి చేయించుకుంది. తనతో చదువుకున్న యాచారం పిల్ల ప్రతి ఆదివారం ఆటోలో వచ్చి, బిడ్డ కళ్లతో చెప్పినట్టు తెర మీద గడులు మార్చేది. ఒక గడిని కాసేపు చూస్తే అందులోని మాటను కంప్యూటర్ పైకి చదువుతుంది. నీళ్లు. నొప్పి. పక్కకు తిప్పు. వేరే మాటలు రాయడానికి కింద అక్షరాల గడులు. అన్నీ బాగున్నాయి గానీ, నడుమ పెద్ద గడి ఒకటి ఖాళీగా పెట్టించుకుంది. అది నాకు నచ్చలేదు.

“గంత జాగ ఊకె ఇడిచిపెడ్తరా? దవాయి అని పెట్టు,” అన్నాను.

“వద్దంటున్నదమ్మా,” అంది యాచారం పిల్ల. “ఎటు చూసినా మిషన్ ఒర్లుతుంటే కన్ను యాడ పెట్టుకోవాలె? గాడ చూస్తే ఏం కావొద్దంట.”

బిడ్డ ఒక్కొక్క అక్షరం చూసి రాసింది. కంప్యూటర్ చదివింది: “అమ్మ గూడ గా మిషన్ లెక్కనే.”

యాచారం పిల్ల పడీపడీ నవ్వింది. నిజమే మరి. బిడ్డ నా వైపు చూస్తే చాలు, లేచేదాన్ని. నీళ్లా? దోమ కుట్టిందా? కాలు గుంజుతోందా? వద్దని చెప్పడానికి పాపం దానికి ఎంతసేపో పట్టేది. ఒకరోజు అట్లాగే లేవబోతే రాసింది: “ఊకె చూస్తున్ననే. కూసో.”

మంచం ఎదురుగా ఉన్న నా కుర్చీలో కూర్చున్నాను. పొయ్యి మీద పప్పు మాడింది. అయినా ఆ రోజు లేవలేదు.

సోమవారం పొద్దున ఊపిరి బరువుగా తీస్తోంది. తెర ఎదురుగానే ఉంది, దాన్ని చూడలేదు. నన్నే చూసింది.

“నీళ్లా బిడ్డా?” అంటూ వంటింట్లోకి ఉరికాను.

గ్లాసుతో వచ్చేసరికి అయిపోయింది. కళ్లు నా కుర్చీ మీదే ఉన్నాయి.

నిన్న యాచారం పిల్ల వచ్చింది. ఇట్లాగే మంచం పట్టిన ఇంకొకరికి కంప్యూటర్ ఇస్తానంది. తీసుకుపొమ్మన్నాను.

“ఏమన్న మార్చుకో బిడ్డా. నడుమ గడి మాత్రం నింపకు,” అన్నాను.

ఇప్పుడు పొద్దున్నే పోయి ఆ కుర్చీలో కూర్చుంటున్నాను. ఎదురుగా ఖాళీ మంచం. ఎవరు పిలిచినా లేవబుద్ధి కావడం లేదు.