అయ్య ప్రార్థన, మా మడి నాటు

నా పెనిమిటి చనిపోయిన ఏడాది, నిజాం రాజ్యం నాటి మాట. మనూర్ దారిలో మాకు ఒక్కటే వరి మడి. దాని గింజలే నాకూ మా అత్తకూ ఏడాది తిండి. ఒంటిదాన్ని నాటలేనని మా క్రైస్తవ సంఘంలోని ఆడవాళ్లంతా వచ్చారు. మాలో అదే పద్ధతి. ఇవాళ ఒకరి మడి, రేపు ఇంకొకరిది. కూలి లేదు, మడి గలామె అంబలి పోస్తే చాలు.

ఇంకో పద్ధతీ ఉంది. పాదిరి అయ్య ప్రార్థన చేసి ఆమెన్ అనేదాకా ఎవరూ నారు ముట్టకూడదు.

అయ్య మంచివాడే, ప్రార్థనకే తోక పొడవు. ఆ రోజు నా పెనిమిటితో మొదలుపెట్టి, మా ఎద్దుల మీదుగా, కల్హేర్‌లో జ్వరంతో పడున్నవాళ్ల దాకా పోయాడు. చెరువు నీళ్లు పొద్దు నెత్తికెక్కేదాకే మా వంతు. మాది నీళ్లు తాగేసే నేల, తూము మూస్తే బురద గట్టిపడిపోతుంది. పీకిన నారేమో గట్టున వాడుతోంది. నేను ఒక కన్ను తెరిచి నా నీడ ఎంత పొట్టిదైందో చూసుకుంటున్నాను.

అయ్య ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. మా అత్త గట్టిగా ఆమెన్ అంది. ఆమె అన్నాక మిగతావాళ్లు ఊరుకుంటారా? అందరూ అనేసి, చీరలు ఎగదోపుకుని మడిలోకి దిగారు.

“ఇంక కాలేదవ్వా,” అన్నాడు అయ్య.

“మిగిలింది నడుం వంచి చెయ్యయ్యా. దేవునికి ఇనబడ్తది,” అంది మా అత్త.

ఆయన నిజంగానే ధోవతి పైకి కట్టి దిగాడు. నాటేవాళ్లు వెనక్కి వెనక్కి నడుస్తారు. ఆయన ముందుకు నడిచాడు, నాటినదాన్ని నాటినట్టే తొక్కుకుంటూ. నాకు నవ్వొచ్చింది. పెనిమిటి పోయాక అదే మొదటి నవ్వు. తప్పేమోనని బురద చెయ్యే నోటికి అడ్డం పెట్టుకున్నాను. మా అత్త నా వైపు చూసింది. పోయింది ఆమె కొడుకే కదా.

“నవ్వు బిడ్డా,” అంది. “మూతి తర్వాత కడుక్కుందువు.”

అయ్యను వెనక్కి నడిపించి, ఒక మూల ఆయనకే వదిలాం. తూము మూసేసరికి మడంతా నారుతో నిండింది. ఆ మూలలో మట్టుకు నాలుగు కట్టలు మిగిలాయి. బురద బిగుసుకుపోతుంటే మోకాళ్ల మీద కూర్చుని, వంకరటింకరగా, అవీ ఆయనే గుచ్చాడు.

కోతనాడు ఆ వంకర మూల దగ్గరే నిలబడి, అయ్య మళ్లీ నా పెనిమిటితో మొదలుపెట్టాడు. కోతకు నీళ్ల వంతు లేదు. మా అత్త కొడవలి పక్కన పెట్టి గట్టు మీద కూర్చుంది. ఆయన ఎన్నిసార్లు ఊపిరికి ఆగినా ఆమె ఆమెన్ అనలేదు.