శ్రీకారం మీద కుంకుమ

మా మేనత్త వేలికి కుంకుమ అంటేది ఏడాదిలో ఒక్కరోజే. దసరాల్లో, సరస్వతి పూజ నాడు. మిగతా రోజుల్లో ఆమె కుంకుమ భరిణె ఉన్న గూటివైపు చెయ్యి కూడా చాపేది కాదు. ఇంటికొచ్చిన ముత్తైదువకు బొట్టు పెట్టాల్సి వస్తే మా అమ్మను కేకేసి, తాను పెరట్లోకి వెళ్ళిపోయేది. పూజ నాడు మాత్రం మా నాయన పీట మీద తన పురాణం పుస్తకాలూ నా పలకా పెట్టి, వాటి పక్కన అత్త పెట్టెలోని ఉత్తరాల కట్ట విప్పి పరిచేవాడు. "అక్కా, నీవి నువ్వే పెట్టుకో" అని భరిణె ఆమె ముందుకు జరిపేవాడు. ఆమె ఉంగరపు వేలితో తడిపసుపు తీసి, దాని మీద కుంకుమ అద్ది, ఒక్కొక్క ఉత్తరానికీ పైన 'శ్రీ' అని రాసి ఉన్న చోట పెట్టేది. అన్నీ అయ్యాక వేలు వెంటనే కడుక్కునేది కాదు. ఆ పూటంతా ఆ ఎర్రటి వేలితోనే ఉండేది. ఇంట్లో ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. అందుకు మావాళ్ళకు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అవి మా మామ జైలు నుంచి రాసిన ఉత్తరాలు. తెల్లవాళ్ళ కాలంలో, కుప్పం దగ్గర రైలు కట్ట వెంట తంతి తీగలు తెంపిన గుంపులో ఆయనా ఒకడు. పట్టుకుని అరవనాడులో ఒక జైల్లో పెట్టారు. అప్పటికి అత్త కాపురానికి వెళ్ళి ఎంతో కాలం కాలేదు. ఆయన అక్కడే జ్వరంతో పోయాడు. కబురు చేరేసరికే దహనం అయిపోయింది. అత్త పుట్టింటికి, అంటే చౌడేపల్లె పక్కనున్న మా ఊరికి, ఆ ఉత్తరాల కట్ట ఒక్కటే పట్టుకుని వచ్చింది.

అత్తకు చదువు రాదు. మొదట్లో మా నాయనే చదివి వినిపించేవాడు. అక్కకు మొగుడు రాసిన మాటలు తమ్ముడు చదవాలంటే సిగ్గు కదా. గొంతు సవరించుకుంటూ, మధ్యలో వరుసలు మింగేస్తూ చదివేవాడు. అత్తకది తెలుసు. నాకు అయిదారేళ్ళు వచ్చాక నాయనతో చెప్పిందట: "అబ్బయ్యా, ఈ పాపకు నాలుగు అక్షరాలు నేర్పు. ఆడపిల్ల సదివితే నాకు ఇబ్బంది ఉండదు."

బడి మా ఊరికి దూరం, పైగా నేను ఉబ్బసం పిల్లను. అందుకని ఇంట్లోనే, అరుగు మీద నాయన నేర్పాడు. వాచకం లేదు. నేను మొదట కూడబలుక్కున్న వాక్యం ఆ ఉత్తరాల్లోదే: 'బావిలో నీళ్ళు ఎంత లోతున ఉన్నాయో తాడు వేసి కొలిచి రాయించు.' ఆ తర్వాత నేను చదివిన భాగవతమైనా, రాసుకున్న నాలుగు ముక్కలైనా ఆ బావి నీళ్ళ పుణ్యమే. జైల్లో కూర్చుని కూడా బావి సంగతి అడిగిన ఆయనకు, ఆ ఉత్తరం నా చేతికిచ్చిన ఆమెకు నేను రుణపడి ఉన్నాను.

ఉత్తరాల్లో అక్కడక్కడ జైలువాళ్ళు నల్లసిరా పూసేసి ఉండేది. అక్కడికి రాగానే నేను ఆగేదాన్ని.

"యాల నిలిపినావు?" అనేది అత్త.

"ఈడ నల్లగా కొట్టేసినారత్తా, కనపడదు."

"నన్నేమన్నా తిట్టినాడేమో! తెల్లోళ్ళకు జాలేసి కొట్టేసినారు" అని నవ్వేది.

స్వాతంత్ర్యం వచ్చి ఇరవై అయిదేళ్ళు నిండిన సంవత్సరం, పుంగనూరులో ఆ చుట్టుపక్కల జైలుకు పోయినవాళ్ళ పేర్లు చెక్కి ఒక రాయి నిలబెడుతున్నారని తెలిసింది. సంతకు వెళ్ళొచ్చిన నాయన ఆ మాట చెప్పినప్పుడు అత్త చేటలో అనపకాయలు ఒలుస్తోంది. చేతులు ఆపింది.

"ఆయన పేరు ఎక్కుతాదా అబ్బయ్యా?"

"యాల ఎక్కదక్కా? జైల్లోనే పాయె గదా."

అత్త ఎవరినీ ఏదీ అడిగి ఎరగదు. ఆ రాత్రి అన్నం దగ్గర మాత్రం నాయనతో, "నా మొగుణ్ణి యాడ కాల్సినారో నాకు తెలీదు. తల ఆనించేదానికి నాకొక రాయి లేదు. అది పెట్టించురా" అంది. చిన్నప్పుడెప్పుడో తప్ప తమ్ముణ్ణి ఆమె 'రా' అనలేదు. నాయన ముద్ద వదిలేసి తల ఊపాడు.

పేరెక్కాలంటే రుజువు కావాలన్నారు. జైలుకు రాస్తే, ఆ ఏటి పుస్తకాల్లో ఆ పేరు దొరకలేదని జవాబు వచ్చింది. మదనపల్లెలో దీనికి సంబంధించిన ఒక ఆఫీసు ఉందంటే, ముగ్గురం బస్సెక్కి వెళ్ళాం. అత్త ఉత్తరాలను ఉతికిన ధోవతి ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుంది. దారిపొడుగునా దాని మీద నుంచి చెయ్యి తీయలేదు.

అక్కడున్న ఆఫీసరు చెడ్డవాడు కాదు. అత్తను కుర్చీలో కూర్చోబెట్టాడు. పక్కనున్న గుమాస్తా కాగితం తీసి, "మీ ఆయన పేరు సెప్పమ్మా" అన్నాడు. అత్త నా మోచెయ్యి పొడిచింది. నేను చెప్పాను.

"ఆమె సెప్పాల గదా" అన్నాడు గుమాస్తా.

"మీ ఇంటామె సెప్తాదా నీ పేరు?" అంది అత్త.

"నా ఎదురుగా అయితే సెప్పదు. నేను లేనప్పుడు పేరు పెట్టే తిడతాదంట" అన్నాడు. అందరం నవ్వాం. ఆ రోజుకు అదే ఆఖరి నవ్వు.

ఆఫీసరు ఉత్తరాలు ఒక్కొక్కటే విప్పి కిటికీ వెలుగుకు పెట్టి చూశాడు. కాగితం కంటికి ఆనించుకున్నట్టు దగ్గరగా చూశాడు. ఖైదీ నంబరూ పేరూ రాసి, వాటి మీద జైలు ముద్ర కొట్టేది కాగితం నెత్తిన. మామ కూడా అందరిలాగే ముందు 'శ్రీ' చుట్టే ఉత్తరం మొదలుపెట్టాడు. ముద్ర సరిగ్గా దాని పక్కనే, కొన్నిటి మీద దాని పైనే పడింది. ఇప్పుడు అక్కడ ముద్రా లేదు, నంబరూ లేదు. ఏటేటా ఒకేచోట పెట్టిన తడికి కాగితం మెత్తబడి, పసుపూ ఎరుపూ కలిసి రక్తం ఎండినట్టు పొర కట్టింది. కొన్నిటికి చిల్లు పడింది.

"ఈడనే గదమ్మా సీలుండాల. ఏం ఒలికింది దీని మీద?" అన్నాడు ఆఫీసరు.

"ఒలకలేదు సామీ. పెట్టినా."

"ఏం పెట్టినావు?"

"పసుపు కుంకుమ. సరస్వతి పూజకు."

గుమాస్తా నొసలు కొట్టుకున్నాడు. "మేమూ పుస్తకాలకు పెడతామమ్మా. ఎవురన్నా రికార్డుకు పెడతారా?"

"అది రికార్డని నాకేం తెలుసు నాయనా. మొగుడి ఉత్తరమనుకుంటి" అంది అత్త.

ఆఫీసరు ఉత్తరాలు మడత చెడకుండా మడిచి తిరిగి ఇచ్చాడు. ముద్ర లేకపోతే, ఆయనతో కలిసి జైల్లో ఉన్న మనిషి ఎవరైనా సంతకం చేసిచ్చినా చాలునన్నాడు. బయట చింతచెట్టు కింద నిలబడి అత్త తన ఉంగరపు వేలినే చూసుకుంటోంది. నేను ఆ చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

తోడున్న మనిషి జాడ ఉత్తరాల్లోనే ఉంది. 'మన కుప్పం అతను నా పక్కనే పడుకుంటాడు, నిద్దట్లో వాళ్ళమ్మను పిలుస్తాడు' అని ఒకచోట రాశాడు మామ. పలమనేరు మీదుగా కుప్పం వెళ్ళి, అడగ్గా అడగ్గా ఊరి బయట ఒక పెంకుటింటి ముందు ఆగాం. ఇంట్లో పట్టుపురుగులు పెంచుతున్నారు. తలుపు తీసే ఉంది కానీ లోపలికి రానివ్వలేదు, పురుగు మేత మీద ఉందట. లోపల వెదురు తట్టల్లో అవి మల్బరీ ఆకు కొరుకుతున్న చప్పుడు సన్నవాన పడుతున్నట్టు వినిపిస్తూనే ఉంది. ఎండిపోయినట్టున్న ఒక మనిషి ఆకు గంప దించి బయటికొచ్చాడు.

నాయన విషయం చెప్పేసరికి ఆయన అత్త వైపు తిరిగి, "ఆయప్ప పెండ్లామా నువ్వు?" అని నేల మీద కూలబడ్డాడు. ఆ తర్వాత మామ గురించి ఎన్నో చెప్పాడు. రాగిసంకటి కోసం కలవరించేవాడని, రాయడం రానివాళ్ళందరికీ ఇళ్ళకు ఉత్తరాలు ఆయనే రాసిపెట్టేవాడని. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వింది. నాయన కాగితమూ కలమూ తీసి ముందు పెట్టాడు.

ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"నా సంతకం సెల్లదప్పా. నేను తప్పయిందని రాసిచ్చి బయటికొచ్చినోణ్ణి. ఇంకెప్పుడూ ఆ జోలికి పోనని. అట్లాటోళ్ళ పేర్లన్నీ వాళ్ళ కాడ ఉండాయి. నా పేరు పక్కన ఆయప్ప పేరు పెడితే, ఆయప్పనూ నాలాంటోడే అనుకుంటారు."

నాయన కలం మూత పెట్టాడు.

"మాయమ్మకు బాగలేదని కబురొచ్చింది. నేనొక్కణ్ణే కొడుకును. నాకు రాసేది రాదు. ఆ తప్పు కాగితం రాసిచ్చిందీ ఆయప్పే" అన్నాడు ఆయన, అత్త కాళ్ళవైపు చూస్తూ. "నువ్వు పోప్పా, మీయమ్మకు నువ్వు తప్ప ఎవురుండారు, నా ఇంటికాడ శానామంది ఉండారులే అన్నాడు. నన్ను పంపించి ఆయప్ప ఉండిపోయినాడు. ఆమీద ఏమైందో నాకూ తెలీదు తల్లీ."

"ఆ కాగితం ఏమైంది?" అని అడిగాడు నాయన.

"మద్రాసుకు పంపిరి. అట్లాటివి పారేస్తారా? యాడో బీరువాలో బద్రంగా ఉంటాది."

అప్పుడు అత్త నోరు విప్పింది. "అదన్నా సక్కగుంటాదిలే. నా చెయ్యి తగల్లేదు గదా."

ఆ మాటకు ఆయన ఏడ్చేశాడు. అత్త ఏడవలేదు. "మీయమ్మ బతికిందా?" అని అడిగింది.

"బతికింది తల్లీ. శానా ఏండ్లు బతికింది."

"అయితే సరే" అంది అత్త, లేచింది. ఆయన ఒక ఆకులో మల్బరీ పండ్లు పోసి నా చేతిలో పెట్టాడు. బస్సులో ఎవరమూ తినలేదు. ఆ ముసలితల్లి బతికినందుకు దేవుడికి దండం పెట్టుకోవాలని నాకు తెలుసు. పెట్టుకున్నాను కూడా. కానీ ఆ రోజు నా దండంలో చేతులే కలిశాయి.

ఆగస్టులో రాయి నిలబెట్టారు. పండగ నాడు అత్త రాలేదు. జెండాలూ మిఠాయిలూ అయిపోయాక, ఒక మామూలు రోజు నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. రాయి నీడలో ఒక మేక పడుకుని ఉంది. అదిలిస్తే లేచిపోయింది. "సదువు" అంది అత్త. పైనుంచి కిందదాకా చదివాను. "ఇంకోసారి సదువు" అంది. మళ్ళీ చదివాను. ఆఖరి పేరు కింద ఇంకా నున్నటి రాయి మిగిలి ఉంది. దాన్ని అరచేత్తో తడిమి, "ఈడ సోటుండాది గదా పాపా" అంది.

"ఉండాదత్తా."

అంతే. తిరిగి వచ్చేశాం.

ఆ దసరాకు నాయన ఎప్పటిలాగే ఉత్తరాలు పీట మీద పరిచి భరిణె జరిపాడు. అత్త అలవాటుగా వేలు తడిపసుపులో ముంచింది, కుంకుమలో అద్దింది, ఉత్తరం మీదిదాకా తెచ్చింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

"వద్దులే అబ్బయ్యా. నేను పెట్టేకొద్దీ ఆయన సెరిగిపోతాండాడు" అని వేలు కొంగుకు తుడిచేసుకుంది.

"అక్కా, సీలు ఎట్లాగూ పాయె. ఇప్పుడు పెడితే మాత్రం ఏం?" అన్నాడు నాయన. మా అమ్మ కూడా బతిమాలింది. అత్త తల అడ్డంగా ఊపి, నన్ను చదవమంది. చదివాను. చిల్లులు పడ్డచోట నాకు కంఠతా వచ్చిన మాటలు చెప్పుకుంటూ పోయాను. నల్లసిరా దగ్గర ఆగితే ఆ రోజు ఆమె ఏమీ అడగలేదు.

ఆ తర్వాత ఆమె వేలికి కుంకుమ అంటడం నేను చూడలేదు. నా పెళ్ళికి కూడా గడప అవతలే నిలబడి చూసింది. కొన్నేళ్ళకు, పంతొమ్మిదివందల ఎనభైల్లో, ఆయాసం ఎక్కువై మదనపల్లె మిషను ఆసుపత్రిలో చేర్చాం. అక్కడి నర్సమ్మ తన దేవుణ్ణి తలుచుకుంటూ మా అత్త పాదాలు తుడిచేది. ఆ తల్లి చల్లగా ఉండాలి. ఉత్తరాలు ఇంటి దగ్గరే ఉండిపోయాయి, అయినా మంచం పక్కన కూర్చుని కంఠతా వచ్చినవన్నీ చెప్పాను. బావి నీళ్ళ దగ్గరికి వచ్చేసరికి అత్త కళ్ళు మూసుకునే, "ఎంత లోతున ఉండాయో నేను రాయించనేలేదు" అంది. రెండు రోజులకు పోయింది.

ఇప్పుడా ఉత్తరాలు నా దగ్గర ఉన్నాయి. సరస్వతి పూజకు పీట మీద పెడతాను. కుంకుమ పెట్టను, ఒక పువ్వు పక్కన ఉంచుతాను. ఒకసారి ఆఫీసరు చూసినట్టే కిటికీ వెలుగుకు పట్టి చూశాను. ముద్ర జాడ ఎక్కడా లేదు. దాని చోట, ఎండిన కుంకుమ పొర మీద, ఆమె ఉంగరపు వేలి గీతలు సన్నగా కనిపిస్తున్నాయి.